తువ్వాలు కింద ధర

చిత్తూరు బెల్లం మండీలో మా నాయన దళారి చేతిమీది తువ్వాలు లాగి బండిమీద పడేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగి చూశారు.

అక్కడ బేరం నోటితో సాగదు. దళారి రైతు చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెబుతాడు. పక్క బండికి ఎంత పలికిందో ఈ బండివాడికి తెలియదు.

"చెయ్యి ఇయ్యప్పా," అన్నాడు దళారి, నవ్వుతూనే.

"నోటితో చెప్పన్నా. చెరుకు నరికి నరికి నా చెయ్యి మొద్దుబారిపోయిండాది. నీ వేళ్ల బాస దానికి తెలీదు."

"నోటితో చెప్తే అందరూ వింటారు గదప్పా!"

"అందుకే చెప్పమంటా ఉండేది."

"ధర మద్రాసు నుంచి తంతిలో వచ్చినాది. నీ కోసరం ఇంకో తంతి కొట్టరులే."

"చెరుకు మద్రాసులో మొలిచినాదా? పొయ్యి ఆడ మండినాదా?"

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు అది. మా దారులన్నీ మద్రాసు వైపే పోయేవి. గూడూరు నిమ్మకాయలు, మా మామిడి, కొండల కట్టెలు అన్నీ అటే. పండించేది మేము, తినేది పట్నం. అంతవరకు న్యాయమే. ధర కూడా పట్నమే టెలిగ్రాం కొట్టి చెప్పడం నాయనకు మింగుడుపడలేదు.

ఆ రోజు మండీలో ఎవరూ మా బెల్లం కొనలేదు. ముసురు పట్టింది. తడిగాలికి బెల్లం చెమరుస్తుంది, రెండు రోజులాగితే పాకమవుతుంది. మా ఏడాది కష్టమంతా ఆ బండిలోనే ఉంది. నాయన బండిని మండీ బయట రోడ్డు పక్కన నిలిపి, ధర గట్టిగా అరిచి చెప్పాడు. మిఠాయి చేసే సాయిబు ఒకాయన మొదట కొన్నాడు. తర్వాత టీ అంగడివాళ్లు, సంచులు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. సగం అమ్ముడుపోయింది. మిగతా సగం ఇంటికొచ్చి నల్లబడింది. ఏడాదంతా దాన్నే తిన్నాం. నాయన ఒక్కరోజు కూడా రుచి బాగాలేదనలేదు. మరుసటి ఏడు కూడా తువ్వాలు కిందికి చెయ్యి పోనివ్వలేదు.

తర్వాత నేను పత్రికలో చేరాను. బెల్లం ధర రోజూ నా చేతిమీదుగానే అచ్చుకు వెళ్లేది. మద్రాసు నుంచి తంతిలో వచ్చేది. దాన్ని ఎవరు నిర్ణయిస్తారని దళారిని అడిగితే షావుకారును చూపించాడు. షావుకారు మద్రాసు కొట్టును చూపించాడు. ఆ కొట్టువాళ్లు చిత్తూరు మండీని చూపించారు.

"తెలిసినాదా?" అని నాయన అడిగేవాడు. ఇప్పటికీ తెలియలేదు.