ముద్దాయి పేరు

ఈమధ్య ఒక గ్రంథాలయంలో పాత వారపత్రికల కట్ట విప్పుతుంటే కాగితాల మధ్య నుంచి ఎండిన వేపాకు పొడి నా ఒళ్లో రాలింది. ఆ చేదు వాసన ముక్కుకు తగలగానే వచ్చిన పని మరిచి అట్లాగే కూర్చుండిపోయాను. నంద్యాలలో నరసమ్మగారి మిద్దె మీది గది నిండా ఆ వాసనే ఉండేది. పురుగు పట్టకుండా ఆమె ఏటేటా పత్రికల కట్టల్లో కొత్త వేపాకు పెట్టించేవారు. ఆమెను తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మొదట కలిగేది సిగ్గు. గౌరవం, కృతజ్ఞత ఆ వెనక వస్తాయి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో తెలుగు పంతులుగా కొత్తగా చేరి, గది వెతుక్కుంటూ ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె ఒక ప్లీడరుగారి భార్య. ఆయన పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. సన్నగా, పొడుగ్గా, నాపబండల అరుగు మీద గోడకు ఆనుకోకుండా కూర్చునే మనిషి. మాట కరుకు. మాది ఆళ్లగడ్డ అనీ, ఓబులేసు మనవణ్ణనీ చెప్పగానే నా ముఖంలోకి కొంచెంసేపు చూశారు. ఆ చూపు ఏమిటో నాకు తెలియలేదు. "చెప్పులు బయట ఇడిసి రా. గది సూద్దువు" అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఓబులేసు మా తాత. నేను పుట్టకముందే పోయాడు గానీ మా ఇంట్లో ఆయన కథలు లేకుండా అన్నం మెతుకు దిగేది కాదు. ఒక చెవికి బంగారు పోగు, నిమ్మకాయ నిలిచే మీసం, తెల్ల గుర్రం. నాటకాల పిచ్చి. ఒకసారి దుర్యోధనుడి వేషం తీయకుండానే గుర్రమెక్కి చాగలమర్రి దాకా పోయి, సంతలో జనంచేత దండాలు పెట్టించుకున్నాడట. అన్నింటికంటే మేము ఎక్కువగా చెప్పుకునేది ఆయన కోర్టులో సాక్ష్యం చెప్పిన కథ. నరసమ్మగారి ఇంట చేరిన కొత్తలో, ఒక సాయంత్రం అరుగు మీద ఇరుగుపొరుగు కూడినప్పుడు నేను ఆ కథ ఎత్తుకున్నాను. ఎవరిదో గడ్డివామి తగలబడింది. "అమావాస్య చీకట్లో మనిషిని ఎట్లా గుర్తుపట్టినావు?" అని వకీలు అడిగాడు. దానికి మా తాత, "మొగం సూసి కాదు దొరా, దగ్గు ఇని. ఆయప్ప దగ్గితే మా కోడెలు గూడ లేసి నిలబడతాయి" అన్నాడు. అక్కడ ఆగి, మా నాయన చేసినట్టే నేనూ గుండె పట్టుకుని, వంగి, ఆ దగ్గు దగ్గి చూపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. నరసమ్మగారు నవ్వలేదు. "పొద్దుపోయింది, దీపం పెట్టాల" అంటూ లోపలికి వెళ్లారు. పెద్దావిడకు హాస్యం పట్టదు కాబోలు అనుకున్నాను.

కొన్నాళ్లకు మా నాయన ఆళ్లగడ్డలో నాటకాలకు ఒక రంగస్థలం కట్టించి, దానికి తాత పేరు పెట్టాలని పూనుకున్నాడు. "తెలుగు సదివినోడివి, మీ తాత చరిత్ర నువ్వే రాయాల. ఆయప్ప పేరు పత్రికల్లో గూడ పడిందంట. యాడన్నా దొరుకుతుందేమో సూడు" అని నాకు పని పెట్టాడు. ప్లీడరుగారు కట్టలు కట్టి దాచిన పత్రికలు నేనుండే గది పక్కనే ఉన్నాయి. భయపడుతూనే అడిగాను. నరసమ్మగారు తాళంచెవి చేతిలో పెట్టి, "చేతులు కడుక్కొని ముట్టుకో. యా కట్ట తీసినా ముందు నుంచి కడదాకా సదువు. నడిమధ్య వదిలేస్తే సదవనట్టే" అన్నారు.

నాకు చదవడం నేర్పింది ఆ గదే అనిపిస్తుంది. మొదట్లో తాత పేరు కోసం పుటలు గబగబా తిప్పేవాణ్ణి. ఆమె పైకి వచ్చి, నిన్న చదివిందేమిటో చెప్పమనేవారు. చెప్పలేకపోతే, "ఒక పత్రికలో పడిందని నమ్మినావా? తర్వాతి వారం ఏం రాసినారో సూసినావా?" అని నిలదీసేవారు. బడిలో పిల్లలను నేను అడిగే ప్రశ్నల కంటే ఆమె ప్రశ్నలు గట్టివి. విసుక్కుంటూనే నిదానించడం అలవాటు చేసుకున్నాను.

ఒక ఆదివారం దొరికింది. తాత పేరు, అచ్చులో! ఆ వకీలు ప్రశ్న, ఆ జవాబు, అక్షరం పొల్లు పోకుండా మా ఇంట్లో చెప్పుకున్నట్టే ఉన్నాయి. జవాబు పక్కన కుండలీకరణాల్లో "కోర్టులో నవ్వులు" అని కూడా వేశారు. ఆనందం పట్టలేక పత్రిక పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను. ఆమె చేటలో కొర్రలు చెరుగుతున్నారు.

"పెద్దమ్మా, దొరికింది! మా తాత మాటలు ఉన్నదున్నట్టు వేసినారు!"

ఆమె తలెత్తలేదు. "ముద్దాయి పేరు సూసినావా?"

చూడలేదు. అప్పుడు వెతికి చదివాను. "చెన్నప్ప."

"యా ఊరు?"

ఊరి పేరు చెప్పాను. మా ఊరికి పక్కనే.

"మా నాయన" అన్నారామె. చేట పక్కన పెట్టి, నా చేతిలోని పత్రిక వైపు చూసి, "ఆడ ఆపగాకు. ముందుకు సదువు, పో" అన్నారు.

ఆ మెట్లు మళ్లీ ఎట్లా ఎక్కానో నాకు తెలియదు. వామితో పాటు దాని పక్కన పడుకున్న కాపలా మనిషి కూడా కాలిపోయాడని మా ఇంటి కథలో ఎవరూ చెప్పలేదు. చెన్నప్పకు పెద్ద శిక్ష పడిందనీ చెప్పలేదు. తర్వాతి సంచికలన్నీ చదువుతూ పోయాను. చాలా కాలం తర్వాతి సంచికలో, మందుల ప్రకటనల మధ్య చిన్న వార్త ఉంది. వామి యజమాని జీతగాడే యజమాని మీది కోపంతో నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడు. "ఇదివరలో ఈ నేరమునకు శిక్షింపబడిన వ్యక్తి ఉబ్బసము ముదిరి చెరసాలలోనే మరణించినాడు." పేరు కూడా వేయలేదు.

అరుగు మీద నేను దగ్గిన దగ్గు అప్పుడు నాకు వినబడింది. ఆమె ఆ దగ్గు విని, ఆ రాత్రి నాకు అన్నం పెట్టారు. అది గుర్తొచ్చేసరికి చెవులు కాలిపోయాయి. కిందికి వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాను. "గది ఖాళీ చేసి పోతాను పెద్దమ్మా" అన్నాను.

"పోయి ఏం చేస్తావు? అక్కడ మళ్లీ అదే కత చెప్తావా?" అన్నారు. "మా ఇంటాయన అప్పుడు చిన్న వకీలు. మా నాయన తరపున నిలబడిన పెద్ద వకీలు దగ్గర పని నేర్చుకుంటాండె. కేసు పోయినాక గూడ మా ఇంటికి వస్తా పోతా, నన్ను చేసుకున్యాడు. ఈ పత్రికలన్నీ ఆయన దాచినవే. ఎవరన్నా అడిగితే సూపించాలంటాండె. ఎవరూ అడగల్యా. నువ్వు అడిగినావు."

"ఆ సాయంత్రమే నాతో ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే నా మాట అవుతుంది. నీ అంతకు నువ్వు సదవాల."

మరుసటి వారం ఆళ్లగడ్డ వెళ్లాను. మా నాయన సున్నం ఆరని రంగస్థలం మీద నిలబడి పనివాళ్లను కేకలేస్తున్నాడు. పక్కకు పిలిచి చదివింది చెప్పాను. నన్ను కొడతాడేమో అనుకున్నాను. ఆయన తలగుడ్డ తీసి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ వామి గలాయన నాటకాలకు పందిళ్లేయిస్తాండె. ఆయప్ప సాక్ష్యం చెప్పమని అడిగితే మా నాయన కాదనలేకపోయినాడు" అన్నాడు. "నీకు తెలుసా నాయనా?" అంటే తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ జీతగాని సంగతి బయటపడినాక మా నాయన మళ్లీ వేషం కట్టల్యా. గొంతు పోయిందని చెప్పుకున్యాం. గొంతుకేం కాల్యా. నాకు తెలుసు."

"మరి ఆ కథ నవ్వుతూ ఎందుకు చెప్పేవాడివి?"

"నవ్వకపోతే ఏడ్చాల కదరా" అన్నాడు మా నాయన. ఆయన ముఖంలో అంతటి సిగ్గు నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

నాతోపాటే బస్సెక్కి నంద్యాలకు వచ్చాడు. ఊళ్లో ఎవరి ముందూ తల వంచని మనిషి నరసమ్మగారి వాకిట్లో కండువా చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. "అక్కా" అన్నాడు. ఆమె చెంబుతో నీళ్లు ఇచ్చి, "కాళ్లు కడుక్కో అప్పా. ఎండన పడి వచ్చినావు" అన్నారు. సంగటి, గోంగూర వడ్డించారు. ఆయన ముద్ద చేశాడు గానీ నోటిదాకా తీసుకుపోలేక కంచం వైపే చూస్తూ, "రంగస్థలానికి మా నాయన పేరు తీసేస్తానక్కా" అన్నాడు.

"ఎందుకు? నాటకం బాగా ఆడేటోడంట కదా, పెట్టుకో. నాకు దాంతో పనిల్యా" అన్నారామె. "మీ ఇంట్లో ఆ కత చెప్పేటప్పుడు మాత్రం మా నాయన పేరు చెప్పండి. మీకు ఆయప్ప వట్టి దగ్గు. మాకు చెన్నప్ప."

రంగస్థలానికి మా నాయన ఎవరి పేరూ పెట్టలేదు. నేను ఆ చరిత్ర రాయలేదు. నరసమ్మగారి ఇంట్లో ఆమె పోయేదాకా ఉన్నాను. పొమ్మని ఆమె ఎన్నడూ అనలేదు. ఆ సంగతి మళ్లీ మా ఇద్దరి మధ్యా రాలేదు.

మా పిల్లలు ముత్తాత కథ చెప్పమంటే గుర్రం సంగతీ, చాగలమర్రి సంత సంగతీ చెప్పి నవ్విస్తాను. కోర్టు కథ అడిగితే, "చెన్నప్ప అనే రైతు ఉండేవాడు" అని మొదలుపెడతాను. అట్లా మొదలుపెడితే ఎక్కడా నవ్వు రాదు. ఒకసారి మా చిన్నమ్మాయి కథంతా విని, "చెన్నప్పకు పిల్లలున్నారా నాయనా?" అని అడిగింది.

"ఒక కూతురు" అన్నాను. ఆమెను గురించి చెప్పడం మొదలుపెట్టాను.