హారన్ కొట్టకుండా కోసిన బండి

పాత కార్లను ముక్కలు చేసే యార్డులో నేను పదో తరగతి మానేసి చేరాను. నేను లేక పదో తరగతి ఇప్పటికీ బెంగపెట్టుకుందని వినికిడి. నాకు పని నేర్పింది కత్తెర బాబాయి. ఆయన గ్యాస్ కట్టర్ పడితే లారీ కూడా కాగితంలా చీలేది.

ఆ యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. బండిని ఎవరు కోస్తారో వాళ్లే ముందు ఒకసారి హారన్ కొట్టాలి. కొట్టకపోతే బండి పోదనీ, అక్కడక్కడే తిరుగుతుందనీ అనేవారు. ముప్పై ఏళ్లలో బాబాయి ఒక్కసారే తప్పాడు.

నంబరు ప్లేటు లేని జపాన్ వ్యాగన్ ఒకటి వచ్చింది. వెనక మంచమంత సామాన్ల గది, ముందు రేసుకారు ఇంజను. లోకం మొత్తం మీద అలాంటివి నూరు కూడా లేవట. ఎవరో లారీ డ్రైవరు అడిగాడని బాబాయి దాని హారన్ ముందే ఊడదీశాడు. ఆ ధ్యాసలో కొట్టకుండానే కోసేశాడు. చివరి ముక్కలో, వెనక మ్యాట్ కింద, మేకుతో గీసిన బొమ్మ బయటపడింది: పొడుగాయన, పక్కన పొట్టివాడు. గీసింది బాబాయి వాళ్లన్న, ఎప్పుడో చనిపోయాడు. పొట్టివాడు బాబాయే.

చిన్నప్పుడు అన్న బాబాయిని ఆ బండి వెనక పడుకోబెట్టి తిప్పేవాడట; రంగు మారి రావడంతో బాబాయి ముందే పోల్చుకోలేకపోయాడు. ఇల్లు చేరాక ఒకసారి హారన్ కొట్టి, చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తీసి, తమ్ముణ్ణి దించి తలుపు వేసేవాడట.

ఆనాటి నుంచి యార్డు గేటు మూస్తుంటే బాబాయికి కారు వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. మూసిన చప్పుడు మాత్రం రాదు.

"ఎలకలు బాబాయ్," అన్నాను.

"తలుపు తీసుకునే ఎలకల్ని నువ్వెక్కడ చూశావురా?"

ఆయన కూతురి రేసింగ్ గేములో వందల కార్లున్నాయి, ఆ వ్యాగన్ లేదు. ఏ కారు కావాలో గేము కంపెనీని అడిగే పేజీ ఉందని తెలిసి నన్ను పట్టుకున్నాడు. రెండేళ్లపాటు ప్రతి సోమవారం అర్జీ రాశాను. నా ఇంగ్లీషు దెబ్బకి దొరలే డిక్షనరీలు కొనుక్కున్నారు.

"వస్తే ఎంత స్పీడులో తోల్తావు?"

"తోలనురా. ఒక్కసారి హారన్ కొడతా. అంతే."

చివరికి జవాబొచ్చింది. బండి కొలతలు దొరికాయట, హారన్ శబ్దమే దొరకలేదట, ఎవరి దగ్గరైనా ఉందా అని.

బాబాయి అటక మీంచి ఆ హారన్ ఉన్న డబ్బా దించాడు. లారీ డ్రైవరు మళ్లీ రానేలేదు. మిట్టమధ్యాహ్నం, రికార్డు చేయడానికి నేను ఫోను పట్టుకున్నాను. బ్యాటరీ వైర్లు బిగించి ఆయన వెనక్కి జరిగాడు.

"నువ్వు నొక్కరా."

"కోసింది నువ్వు."

నొక్కాడు. లోతైన గొంతు. అది ఆగాక యార్డులో ఎవరూ సుత్తి ఎత్తలేదు.

రికార్డు పంపిన వారం తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం: శబ్దం బాగుంది, చివర్లో ఎవరో కారు తలుపు వేసిన చప్పుడు పడింది, తీసేయమంటారా?

నేను కోతలు కోస్తానని ఊరంతా ఎరుగును. కానీ ఆ రోజు యార్డులో తలుపున్న బండి ఒక్కటీ లేదు. ఊడదీసింది నేనే.

బాబాయి ఆ వాక్యం నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు.

"ఉంచమని రాయి. మా అన్న నన్ను దించేశాడు."

ఆ సాయంత్రం గేటు మూస్తుంటే ఏ చప్పుడూ రాలేదు. అయినా తాళం చేత్తో పట్టుకుని, బాబాయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.