లచ్చన్న, ఆంటోనీల పాటల క్యాసెట్

మా రూమ్‌లో ఉండే లచ్చన్న గల్ఫ్‌కు రాకముందు జగిత్యాల వైపు పెళ్లిళ్లలో డప్పు కొట్టి పాడేవాడు. గోవా ఆంటోనీ ఒక హోటల్ బ్యాండ్‌లో గిటార్ వాయించేవాడు. ఇక్కడ గల్ఫ్‌లో, బౌషర్‌లో కలిశాక, శుక్రవారాల్లో లచ్చన్న పల్లెపాటలకు ఆంటోనీ గిటార్ జోడించేవాడు. వీసా అయిపోయి ఆంటోనీ వెళ్లిపోయే ముందు ఇద్దరూ ఆ పాటలను ఒక క్యాసెట్‌లో ఎక్కించారు. భార్య వినాలని లచ్చన్న దాన్ని ఊరికి పంపాడు.

మనం మాట్లాడి పంపిన క్యాసెట్ మీదే ఇంటివాళ్లు జవాబు మాట్లాడి తిప్పి పంపడం మాకందరికీ అలవాటు. ఈ సాయంత్రం సెలవు నుంచి వచ్చిన ఒకతను ఆ క్యాసెట్ తెచ్చాడు. పెట్టి చూస్తే రెండు వైపులా లచ్చన్న భార్య గొంతే.

"పాటలు మస్తుగున్నయ్. వాడకట్టంత వినిపిచ్చిన. ఇగ ఇంటి ముచ్చట్లు చెప్త, ఇనుండ్రి."

"దాచిపెట్టుమని చెప్పలేదా లచ్చన్నా?" అని అడిగాను.

"టేపంటే మాట్లాడి పంపేదే గదనే. ఆమెకేమెరుక? పాటలు పోయినయని ఉత్తరంల రాయకుండ్రి. పాపం, సంబురపడ్డది."

క్యాసెట్ అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేస్తే మళ్లీ రికార్డు కాదని మాకు తెలుసు. ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు ఆ పాటలను క్యాసెట్‌లో విన్నది వాళ్ల వాడకట్టు ఒక్కటే. మీలో ఎవరైనా జగిత్యాల వైపు వెళ్తే, క్యాసెట్‌లో ఎలా వినిపించాయో అడిగి నాకు చెప్పండి.