బంతి లేని టెన్నిస్

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మెట్రో ఇంకా నడవని ఆ కాలంలో, ఒంటరితనానికి మందు టెన్నిస్ అని మా అమ్మ గట్టిగా నమ్మింది. నేనప్పుడు ఆరో తరగతి. అమ్మ దవాఖానలో నర్సు, నాన్న నల్గొండ రూటులో లారీ నడిపేవాడు. బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, టీవీ పెట్టి, అందులో వార్తలు చదివే ఆమె ‘నమస్కారం’ అంటే నేనూ లేచి నమస్కారం పెట్టేదాన్ని. అమ్మ ఒకరోజు అది చూసింది. “ఒక్కదానివే ఇంట్ల కూసుంటే గిట్లనే అయితది బిడ్డా. ఆటకు పో, దోస్తులైతరు” అని ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు వెనకున్న టెన్నిస్ కోర్టులో చేర్పించింది.

అక్కడి కోచ్‌ని పిల్లలు చాటుగా ‘ఊపుడు సార్’ అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు చెయ్యి తిరిగేదాకా ఉత్త రాకెట్‌నే గాలిలో ఊపాలన్నది ఆయన పద్ధతి. “బాల్‌ది తర్వాత. ముందుగాల చెయ్యి నేర్వాలె. భుజం తిప్పు, మోకాలు వంచు, ఊపు.” మిగతావాళ్ళంతా ఆ మెట్టు దాటి జంటలుగా ఆడుకుంటున్నారు. కొత్తదాన్ని నేనొక్కదాన్నే. అటు బంతుల చప్పుడు, కేరింతలు. ఇటు కంచె పక్కన నేనూ, నా గాలీ. దోస్తుల సంగతి సరే, నా పేరు అడిగినవాళ్ళు కూడా లేరు. నేను ‘మూలకున్న పిల్ల’ను.

ఇంటి దగ్గర కూడా ఊపమన్నారు కదా అని సాయంత్రాలు డాబా ఎక్కేదాన్ని. ఉత్తగా ఎంతసేపని ఊపుతాం? అందుకని అవతల ఒకమ్మాయి ఉందనుకున్నాను. పాయింట్లు పైకే చెప్పేదాన్ని, తేడా వస్తే వాదించేదాన్ని. (ఆమె చేతిలో నేను ఓడిపోయిన సాయంత్రాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఏడ్చాను కూడా.)

కింది వాటాలో ఇంటి ఓనరు గుంటూరు ఆంటీ ఉండేది. బ్యాంకులో పనిచేసి రిటైరైంది, ఒక్కతే మనిషి. కిరాయికున్న మాతో అవసరానికి మించి మాట్లాడేది కాదు. ఒకరోజు ఆరేసిన చీరలు తీసుకోవడానికి పైకొచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది.

“ఎవరితోనమ్మా పోట్లాట?”

“గామె బాల్‌ను లైన్ బయట కొట్టి లోపల అంటున్నది ఆంటీ.”

ఆంటీ డాబా అవతలి వైపు కాసేపు పరీక్షగా చూసింది. “బయటే పడింది. నేను చూశాగా” అని చీరలు మడతపెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు దోమల బ్యాట్ పట్టుకుని వచ్చింది. కొంగు బొడ్లో దోపి, సరిగ్గా ఆ అమ్మాయి నిలబడే చోట నిలబడి, “కానీయ్” అంది. ఇక రోజూ అదే. లేని బంతిని ఆమె కొట్టడం, నేను తిప్పికొట్టడం, అది లేని నెట్‌కి తగిలిందని ఆమె వాదించడం. మధ్యలో బ్యాట్‌కి దోమ తగిలి టప్పుమంటే ఆ పాయింటూ తనదే అనేది.

ఒక ఆదివారం ఊపుడు సార్ పిల్లలకి మ్యాచ్‌లు పెట్టారు. నాకు మొదటిసారి నిజం బంతితో ఆట. అమ్మకి డ్యూటీ ఉండడంతో ఆంటీయే ఆటోలో తీసుకెళ్ళింది. నేను భుజం తిప్పాను, మోకాలు వంచాను, బొమ్మ గీసినట్టు ఊపాను. బంతి మాత్రం పక్కనుంచి దాని దారిన అది పోయింది. ప్రతిసారీ అంతే. ఒక్క పాయింటు రాలేదు. ఎదుటి అమ్మాయి పాపం దగ్గరికొచ్చి, “మస్తు ఆడుతున్నవ్. బాలే అడ్డమొస్తున్నది” అంది. (ఆ కోర్టులో తోటి పిల్లలెవరైనా నాతో అన్న మొదటి మాట అది.) సార్ గడ్డం గోక్కుని, “చెయ్యి నేర్సింది. ఇగ ఇంటికాడ గూడ బాల్‌తోనే ఆడు” అన్నారు.

వచ్చేటప్పుడు కొత్తపేటలో బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఓడినందుకు ఏడుపొస్తుంటే, కారమని చెప్పుకోవడానికి అవి పనికొచ్చాయి. ఆంటీ తినకుండా పొట్లం చేతిలో పెట్టుకుని కూర్చుంది.

“అయితే ఇక నేను పైకి రానక్కర్లేదన్నమాట” అంది.

“ఎందుకాంటీ?”

“బంతితో అయితే నాకు చేతకాదమ్మా.”

ఆమె ముఖం చూస్తే, ఓడింది నేనో ఆవిడో అర్థం కాలేదు. “మీరు ఉత్తగ విసురుండ్రి. నేను కొడత” అన్నాను. ఆంటీ అప్పుడు బజ్జీ కొరికింది.

మర్నాడు ఆంటీ విసిరిన మొదటి బంతే పక్కింటి దొడ్లో పడింది. రెండోది నేను కొట్టాను. అది ఎదురింటివాళ్ళు ఆరబెట్టుకున్న అప్పడాల మీద పడింది. ఇద్దరం కలిసి గేట్లు కొట్టి, బతిమాలి, తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మేము ఆడిన దానికన్నా బంతులు అడుక్కున్నదే ఎక్కువ. ఒక ఇంట్లో చాయ్ ఇచ్చేవారు, ఒక ఇంట్లో తిట్టి చాయ్ ఇచ్చేవారు. అన్నేళ్ళుగా అక్కడే ఉన్న ఆంటీకి కూడా ఆ గేట్లు చాలావరకు కొత్తవేనట. కొన్నాళ్ళకి గల్లీలో అందరూ నన్ను పేరు పెట్టి పిలవసాగారు. ఆట మాత్రం పెద్దగా రాలేదు. తర్వాత మేము మీర్‌పేట్‌కి మారాక రాకెట్ అటక ఎక్కింది.

ఇప్పుడు నేనుండేది ఆరో అంతస్తులో. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. వాళ్ళ తలుపు పడిన చప్పుడే విన్నాను కానీ మనిషిని చూడలేదు. ఆఫీసు లేని సాయంత్రాలు బాల్కనీలో నిలబడితే, పక్కనే వాళ్ళ బాల్కనీ కనిపిస్తుంది. ఓ బంతి కొనుక్కొచ్చి అందులోకి విసిరి, వెళ్ళి తలుపు కొడదామా అనిపిస్తుంది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని నవ్వుకుంటాను. నవ్వుకుని, ఎంత దూరముంటుందో మాత్రం ఇంకోసారి చూస్తాను.