కిట్‌కు దొరకని జబ్బు

ఇప్పపువ్వు రాలే దినాలు. పొద్దు పొడవకముందే బుట్ట పట్టుకొని మా చెట్టు కిందికి పోయిన. వంగి పువ్వు ఏరబోతే వేళ్ళు ముడుచుకుంటలేవు, కట్టెల్లెక్క బిగుసుకున్నయి. ఎండొస్తే అవే సర్దుకుంటయిలే అని కూసున్న. ఎండొచ్చింది, ఎవరివో మేకలు గూడ వచ్చినయి. నా కండ్ల ముందే పువ్వంత తింటున్నయి. అదిలించబుద్ధి కాలే. తింటే తిననీ అనిపించింది. మా గొల్లపల్లిల ఇప్పపువ్వును మేకలకు వదిలే ఆడది ఉంటదా? వేళ్ళ నొప్పికి కాదు, ఆ 'తింటే తిననీ'కే నాకు భయమైంది.

నేను మా ఊరి మితానిన్ను. ఛత్తీస్‌గఢ్‌ల ఊరి ఆరోగ్య కార్యకర్తను అట్లంటరు. సర్కారిచ్చిన మందుల సంచి, దవాపేటీ అంటరు దాన్ని, నా భుజం మీదుండేది. జ్వరమొస్తే వేలు పొడిచి మలేరియా కిట్‌ల నెత్తురు చుక్క వేసేది నేనే. ఈ ఊరికి కోడలిగ వచ్చినంక లచ్చయ్య పెండ్లాం అనకుండ 'నర్సమ్మా' అని పేరు పెట్టి పిలిచిన్రంటే ఆ సంచి పుణ్యమే. నాకు అది ఎంతనో మీకు తెల్వాలె, అందుకే ముందే చెప్తున్న.

మా దిక్కు ఒళ్ళు బాగలేదంటే ముందుగాల మలేరియానే. కాళ్ళు గుంజినా, అన్నం సయించకపోయినా వేలు పొడుసుడే. కిట్‌ల ఒక గీత పక్కన ఇంకో గీత వస్తే జబ్బు, రాకపోతే ఏం లేదు. నా వేలు నేనే పొడుసుకున్న. గీత రాలే. కొన్నొద్దులాగి మళ్ళ పొడుసుకున్న, మళ్ళ రాలే. మా ఆయన లచ్చయ్య కిట్‌ను వెలుతురుకు పట్టి చూసి, "నీ కిట్టే ఏం లేదంటున్నది. ఇంక నీకు ఏందే?" అన్నడు. లేవాలంటేనే ఏడుపొస్తున్నది, అటు తిరిగి పండుకున్న.

దేవర పూజలు చేసి మంత్రమేసే వడ్డె దగ్గరికి తీసుకపోయిన్రు. కోడి పోయింది, నొప్పి పోలే.

అటెంక సంతల సూది వేసేటాయన దగ్గరికి పోయినం. సూది ఏందో అడిగితే "తాకత్‌ది" అన్నడు. ఏం బలమో గానీ, మర్నాటికి వేళ్ళు సాగినయి. చిత్రమేందంటే మనసు గూడ సాగింది. పులుసు పెట్టిన, నవ్విన, ఇల్లంత అలికిన. లచ్చయ్య ఊరంత చెప్పుకున్నడు, "మా దానికి ఏం లేదు, ఉత్త బద్ధకం" అని. తర్వాత సంతకల్లా మళ్ళ మంచంల పడ్డ, మునుపటికంటె అన్యాయంగ. మళ్ళ సూది, మళ్ళ పడుడు. రాను రాను సూదికి గూడ లొంగలే.

ఊరోళ్ళు మీటింగు పెట్టిన్రు. "మందులిచ్చేదానికే మతి లేకపోతే మనకేం ఇస్తది?" అని మొఖం మీదనే అన్నరు. వాళ్ళ పిల్లలకు జ్వరమొస్తే వాన కాలువలు దాటి ఉరికిన కాళ్ళు నావి. ఒక్కళ్ళకు గూడ యాదికి రాలే. నా తోటికోడలు కన్నమ్మకు సంచి ఇచ్చిన్రు. "నువ్వు రెస్టు తీసుకో అక్కా" అనుకుంట భుజాన వేసుకున్నది. ఇంటికొచ్చి, "నేను బతికి ఏం లాభం" అన్న. అప్పుడు గానీ లచ్చయ్యకు దడ పుట్టలే. తెల్లారి జీపెక్కించి భద్రాచలం తీసుకపోయిండు.

అక్కడ డాక్టరమ్మ వేళ్ళు నొక్కి చూసి ESR, CRP, RA factor అని నెత్తురు పరీక్షలు రాసింది. అన్నీ ఎక్కువే వచ్చినయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీళ్ళు వాచి బిగుసుకునే జబ్బు అన్నది. లేవబోతుంటే ఆపి, "మనసు ఎట్లా ఉంటోందమ్మా?" అనడిగింది. వడ్డె అడగలే, సూదాయన అడగలే, కట్టుకున్నోడు అడగలే. అక్కడనే కూలబడి ఏడ్చిన.

ఆమె నిదానంగ చెప్పింది. "మెదడులో మైక్రోగ్లియా అని కాపలా కణాలు ఉంటాయి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, చాలాకాలం ఉంటే ఆ కబురు మెదడుకీ వెళ్తుంది. కొందరిలో ఆ కణాలు రెచ్చిపోతాయి. దాంతో నిద్ర, ఆకలి, సంతోషం దెబ్బతినొచ్చంటున్నారు. ఇంకా పరిశోధన నడుస్తోంది. డిప్రెషన్ అందరికీ ఇట్లాగే రాదు. నీకు ఇందుకే వచ్చిందని కూడా ఒట్టేసి చెప్పలేను."

మా కుక్క యాదికొచ్చింది. దొంగ పోయినంక గూడ మొరుగుడు ఆపదు, ఇంటోళ్ళను పండనియ్యదు.

"ఈ మనసు జబ్బుకు కిట్ లేదా మేడం? వేలు పొడిచి చూసేది?"

"లేదమ్మా. అడిగి తెలుసుకోవడమే."

సంతల వేసింది స్టెరాయిడ్ అయ్యుంటుందని, అది వాపును తగ్గిస్తదని, మనసును ఎత్తగలదు, పడేయగలదు గూడ అని చెప్పింది. కీళ్ళకు వారానికి ఒక్కరోజే వేసుకునే methotrexate రాసింది. డిప్రెషన్‌కు ఇంకో డాక్టరు దగ్గరికి పంపితే ఆయన రోజూ వేసుకునే గోలీ ఇచ్చిండు. వెంటనే ఏం కాలే. ముందు వాంతికొచ్చినట్టుండేది, వేళ్ళు సాగడానికే నెలలు పట్టింది. సాగినయి కదా అని లచ్చయ్య, "ఇంక ఆ దిమాగ్ గోలీలెందుకే, జనం నవ్వుతున్నరు" అని దాచిపెట్టిండు. మళ్ళ మంచమే. మళ్ళ భద్రాచలమే. ఈసారి డాక్టరమ్మ తిట్లు ఆయన తిన్నడు. నాకు మస్తు సంబరమైంది, అబద్ధమెందుకు.

ఇప్పుడు పువ్వు ఏరుతున్న. మేకలొస్తే రాయి పట్టుకొని లేస్తున్న. సంచి మాత్రం ఇయ్యలే. మీటింగుల అడిగితే, "దిమాగ్ గోలీలు మింగేదానికి దవాపేటీ ఎట్లిస్తం?" అన్నరు.

మొన్న కన్నమ్మ పక్కింటి పిల్లను వెంటపెట్టుకొని వచ్చింది. "కిట్‌ల ఏం లేదక్కా, ఈమె మంచం దిగుతలేదు. ఏం జెయ్యాలె?" అన్నది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ పిల్ల చెయ్యి పట్టుకొని, "మనసెట్లుందే బిడ్డా?" అనడిగిన. గొల్లుమన్నది. భద్రాచలం జీపు ఎప్పుడు పోతదో చెప్పి పంపిన. కన్నమ్మ సంచి సర్దుకొని పోయింది.

మీకు ఒక్కటే చెప్తున్న. కీళ్ళు చూపించుకునేటప్పుడు మనసు సంగతి గూడ అదే డాక్టరు ముందు, అదే కుర్చీల కూసొని చెప్పున్రి. అడిగేదాక ఆగొద్దు. నన్ను ఆ ఒక్క మాట అడిగే మనిషి కోసం నేను రాష్ట్రం దాటాల్సొచ్చింది.