హాల్వార్ భుజానికి నప్పిన తుపాకి

హాల్వార్ లుండ్‌మార్క్ మా వేట గుడిసె గుమ్మంలో నిలబడితే తలుపు వేసినట్టే ఉండేది. దుంగల లారీ నడుపుతాడు. మంచులో దిగబడ్డ కారును వెనకనుంచి ఒక్కడే ఎత్తి దారి మీద పెట్టడం నేను కళ్ళారా చూశాను. అలాంటి మనిషి మూస్ వేటకు తుపాకి కొంటానంటే ఊరంతా ఒకటే సలహా ఇచ్చింది. "నీ ఒంటికి చిన్నవి ఆనవు. పెద్దదే కొనుక్కో."

ఆ మాట నమ్మి తొమ్మిది పాయింట్ మూడు మిల్లీమీటర్ల తుపాకి కొన్నాడు. దాని తూటా నా చిటికెనవేలంత లావుంటుంది. దాంతో గుర్రం కన్నా ఎత్తుండే మూస్ దుప్పినే కాదు, దాని వెనకున్న దేవదారు చెట్టును కూడా పడగొట్టొచ్చని మావాళ్ళు మురిసిపోయారు.

తీరా చూస్తే ఆ తుపాకి దుప్పినీ పడగొట్టలేదు, చెట్టునూ పడగొట్టలేదు. వరసగా మూడేళ్ళ వేటల్లో హాల్వార్ కొట్టిన ప్రతి గుండూ గాలికే పోయింది. ఒకసారి ఎండ కళ్ళలో పడిందన్నాడు. ఒకసారి కొమ్మ అడ్డొచ్చిందన్నాడు. చివరికి మా జట్టు పెద్ద ఇంగెగెర్ద్ అతన్ని బురదనేల అంచున నిలబెట్టడం మొదలుపెట్టింది. అటు మూస్ వచ్చేది తక్కువ. హాల్వార్ అక్కడ కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగేవాడు, పలచటి రొట్టె తినేవాడు, సాయంత్రం అందరితో కలిసి నవ్వుతూ తిరిగొచ్చేవాడు. ఆ నవ్వులో జీవం లేదని అతని భార్య సూల్వేగ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంగెగెర్ద్ ఊరి నర్సుగా పనిచేసి రిటైరయింది. కొంగలా సన్నగా ఉంటుంది. జట్టుకు పెద్దా తనే, వేట కుక్క బుస్సేకి యజమానీ తనే. ఆగస్టులో అందరం గురి చూసుకోవడానికి కాల్పుల మైదానానికి వెళ్ళాం. అక్కడ చెక్క మూస్ ఒకటి పట్టాల మీద అటూ ఇటూ పరిగెడుతుంది. హాల్వార్ వంతు వచ్చేసరికి ఇంగెగెర్ద్ చెయ్యి చాపింది.

"ఇలా తే, నేను నింపి ఇస్తా. నువ్వు చెవులకు ఆ చప్పుడాపే డిప్పలు తగిలించుకో."

హాల్వార్ తుపాకి అందుకుని గురిపెట్టాడు. చెక్క మూస్ పరుగందుకుంది. అతను మీట నొక్కాడు.

టిక్కుమంది. అంతే. చప్పుడు లేదు, పొగ లేదు. కాని తుపాకి గొట్టం కొస నేలవైపు వాలిపోయింది. సూది మందు పొడిపించుకునే పిల్లాడిలా హాల్వార్ రెండు కళ్ళూ గట్టిగా మూసేసి, భుజం ముడుచుకుని ఉన్నాడు.

"తూటా పేలకముందే నువ్వు పేలిపోయావేంటయ్యా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మైదానమంతా ఒకటే నవ్వు.

హాల్వార్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "తూటా పెట్టడం మర్చిపోయావు" అన్నాడు.

"మర్చిపోలేదు. కావాలనే పెట్టలేదు" అంది ఇంగెగెర్ద్. "నవ్వింది చాలు, మీ గురి మీరు చూసుకోండర్రా" అని మిగతా వాళ్ళను కసిరి, అతన్ని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. అక్కడ కాఫీ పోస్తున్నది నేనే కాబట్టి అంతా నా చెవినపడింది.

"నీ కనుబొమ మీది ఆ గాటు దుంగల గొలుసు తగిలి అయిందని ఊరంతా అనుకుంటోంది. కుట్లు వేసింది నేను. గొలుసు నెలవంకలా కొయ్యదు నాయనా. తుపాకి పేలిన అదురుకు దాని మీది దుర్భిణి వెనక్కొచ్చి కొట్టింది. అవునా?"

హాల్వార్ ఆ గాటు మీద వేలితో రాసుకున్నాడు. "కొన్న రోజే" అన్నాడు. "అప్పట్నుంచీ మీట మీద వేలు పెడితే చాలు, కళ్ళు వాటంతటవే మూతలు పడుతున్నాయి. నొప్పైతే ఓర్చుకుంటాను ఇంగెగెర్ద్. ఇప్పుడు తంతుంది, ఇప్పుడు తంతుంది అని కాచుకోవడమే నావల్ల కావడం లేదు."

"మరి చెప్పొచ్చుగా?"

"ఇంత మనిషిని. ఏమని చెప్పను?"

"ఒళ్ళు పెద్దదైతే కనుగుడ్డు కూడా రాయైపోతుందా?" అని ఆమె తన తుపాకి అతని చేతిలో పెట్టింది. అది ఆరున్నర మిల్లీమీటర్లది. మా తాతల నాటినుంచీ ఇక్కడి అడవుల్లో మూస్‌ని కొడుతున్న రకమే.

"ఇది ఆడవాళ్ళ తుపాకి అంటారు కదా" అని హాల్వార్ గొణిగాడు.

"ఎవరు, మూస్‌లా?"

కాల్చాడు. మళ్ళీ కాల్చాడు. మూడోసారికి భుజం వదులైంది. ఆ తర్వాత గుండ్లన్నీ చెక్క మూస్ ఛాతీలోనే దిగాయి. ఆమె తుపాకి అతని చేతుల్లో బొమ్మలా ఉంది, మెడ పొట్లకాయలా వంచితే గాని కన్ను ఆనడం లేదు. అయినా కళ్ళు తెరిచే కాల్చాడు.

ఆ శనివారం స్ట్రోమ్‌సుండ్ పట్నంలో తుపాకుల కొట్టుకు వెళ్ళాం. "ఒక్కణ్ణి పంపితే ఇంకా పెద్దది మోసుకొస్తాడు, నువ్వు కూడా వెళ్ళన్నా" అని సూల్వేగ్ నన్ను వెంట పంపింది. కొట్టు యజమాని టూరే ముసలివాడు, మాట పొదుపు. కథంతా విని, ముందుగా హాల్వార్ మోచేతినుంచి వేలి దాకా కొలిచాడు.

హాల్వార్ కన్ను గోడమీది ఓ సన్నటి తుపాకి మీద పడింది. "ఇది ఈకలా ఉంది. ఇదైతే తన్నదు కదా?"

"అదే ఎక్కువ తంతుంది" అన్నాడు టూరే. "తూటా అదే అయినప్పుడు తుపాకి ఎంత తేలికైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. మోయడానికి హాయి, కాల్చడానికి కాదు. బరువు మోయలేని వాడివి కాదుగా నువ్వు, కాస్త బరువున్నదే తీసుకో."

"మూడొందల ఎనిమిది అని ఇంకో రకం ఉందటగా, అది మంచిదంటారే?"

"మంచిదే. ఆరున్నర కన్నా కొంచెం ఎక్కువ తంతుంది. ఎంత దూరంనుంచి కొడతావు?"

"మా అడవిలో ఎనభై మీటర్లు దాటితే చెట్లే తప్ప ఏమీ కనిపించవు."

"అయితే ఆరున్నర చాలు. బరువైన మంచి తూటా వేసుకో. ముందుకాలి వెనక, ఊపిరితిత్తుల్లో తగిలితే ఏ మూసైనా పడుతుంది. డొక్కలో తగిలితే ఫిరంగితో కొట్టినా పారిపోతుంది."

మాట్లాడుతూనే బరువైన ఆరున్నర ఒకటి దించి, భుజానికి ఆనే దాని మడమకు రెండు పలకలు చేర్చి పొడుగు పెంచాడు. దాని చివర మందపాటి రబ్బరు మెత్త బిగించాడు. గొట్టం కొసకు సైలెన్సర్ తగిలిస్తే చప్పుడూ తగ్గుతుంది, తన్నూ తగ్గుతుందన్నాడు. దుర్భిణిని కంటికి బెత్తెడు దూరంలో అమర్చాడు. "అద్దం ముందు నిలబడి భుజాన పెట్టుకో" అన్నాడు. హాల్వార్ పెట్టుకున్నాడు. తల వంచాల్సిన పనే లేకపోయింది. తుపాకే అతని చెంప దగ్గరికి వచ్చి ఆనింది. "ఓహో" అన్నాడు, చల్లటి నీళ్ళు తాగినవాడిలా.

ఆ తుపాకికి పోలీసుల అనుమతి వేట మొదలవబోతుండగా వచ్చింది. వచ్చిన్నాటినుంచీ రోజూ పని దిగి నేరుగా మైదానానికే వెళ్ళాడు.

సెప్టెంబరులో తొలి వేట రోజున అతన్ని మళ్ళీ ఆ బురదనేల దగ్గరే పెట్టారు. పొద్దెక్కాక అడవిలో బుస్సే మొరుగుడు వినిపించింది. ఆ మొరుగుడు మెల్లగా బురదనేల వైపే జరిగింది. అంతలో ఒక్క గుండు చప్పుడు. కాసేపటికి మా జట్టు చేతి రేడియోలో హాల్వార్ గొంతు, ఏడుపు ఒక్కటే తక్కువ.

"తప్పింది. ఏమీ కానట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయింది."

"వెళ్ళి చూశావా?" ఇంగెగెర్ద్ అడిగింది.

"లేదు."

"చూడకుండానే అంత్యక్రియలు చెయ్యకు. అక్కడే కూర్చో, నేనొస్తున్నా."

నా చోటు దగ్గర్లోనే కాబట్టి ఆమె వెంట నేనూ వెళ్ళాను. బుస్సే ముందు పరిగెత్తింది. దట్టంగా పెరిగిన చెట్ల అవతల దాని అరుపు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే, ఇంత కొమ్ములున్న పోతు మూస్ నాచు మీద పడి ఉంది. ముందుకాలి వెనక చిన్న రంధ్రం. ఇంగెగెర్ద్ రేడియో తీసింది.

"హాల్వార్, కత్తి పట్టుకుని రా. నువ్వు తప్పించుకుపోయిందన్న మూస్ ఇక్కడ నీకోసం పడుకుని ఉంది."

అతను పరిగెత్తుకొచ్చాడు. మూస్ పక్కన మోకాళ్ళ మీద కూలబడి దాని మెడ నిమిరాడు.

"తగలడం చూశాను" అన్నాడు. "గుండు దిగిన చోట బొచ్చు లేవడం చూశాను. చూసి కూడా నమ్మలేకపోయాను. ఇన్నేళ్ళూ తుపాకి పేల్చానే గాని, పేలినప్పుడు అవతల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు ఇంగెగెర్ద్."

ఆమె అతని టోపీ సరిచేసి, "ఇక లే, మాంసం పాడవుతుంది" అంది.

ఆ సాయంత్రం మాంసం కోసే కొట్టంలో మావాళ్ళ నాలుకలు ఊరుకోలేదు. "చిన్న తుపాకి, పెద్ద మూస్. మరి పెద్ద తుపాకితో ఎలక కూడా పడలేదేం?" అన్నారు. హాల్వార్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఈసారి సూల్వేగ్ కూడా కలిసి నవ్వింది.

నవ్వి ఊరుకుందా? మర్నాడు తనూ ఓసారి కాల్చి చూస్తానంది, మైదానానికెళ్ళి కాల్చింది. "ఓస్, ఇంతేనా! దీనికా నువ్వు అన్నేళ్ళు కళ్ళు మూసుకున్నావు?" అంది. చలికాలమంతా చదివి వేటగాళ్ళ పరీక్ష పాసైంది, తన వంతప్పుడు ఆ రెండు పలకలూ విప్పి తుపాకిని తన భుజానికి కుదుర్చుకుంటుంది. ఇప్పుడు ఆ ఇంట్లో తగవల్లా ఒకటే, ఈ రోజు తుపాకి ఎవరిదని.

మొన్న వేటకు బయల్దేరుతూ దారిలో కలిశారు. తుపాకి సూల్వేగ్ భుజాన ఉంది. హాల్వార్ చేతిలో ఫ్లాస్కు, వీపున రొట్టెల సంచి.

"ఏం హాల్వార్, ఈ రోజు నీ వంతు కాదా?" అన్నాను.

"నా వంతే అన్నా" అన్నాడు దిగాలుగా. "పొద్దున్న ముందు నిద్ర లేచింది తను."