మావయ్యగారి షార్మాఁ

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన పోలండ్ అమ్మాయి, లిఫ్ట్ తలుపు పట్టుకుని తనని ముందు వెళ్ళనిచ్చిన పెద్దాయన్ని చూసి "షర్మాన్స్కి" అంది. నేను లిఫ్ట్ ఎక్కడం మర్చిపోయాను. తరువాత అర్థం అడిగితే, ఆడవాళ్ళతో మర్యాదగా, మనసుకి హాయిగా మెలిగే మగవాణ్ణి అలా అంటారంది. అసలు ఫ్రెంచి మాటట. జర్మన్లు తీసుకున్నారు, రష్యావాళ్ళు తీసుకున్నారు, వీళ్ళు తోక తగిలించి తమది చేసుకున్నారు. మనం రోజూ వాడే 'చార్మింగ్' కూడా దాని చుట్టమేనట. "మీ భాషలోకి రాలేదా?" అని అడిగింది.

మా మావయ్యగారిది యానాం. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో అక్కడి బళ్ళో చదువుకున్నారు. నేను కాకినాడ పిల్లని కాబట్టి ఆ ఊరివాళ్ళ గొప్పలు నాకు కొత్త కాదు. పెసరట్టు బాగా కాలినా, బస్సు డ్రైవరు గుడ్ మార్నింగ్ చెప్పినా ఆయన ఆ ఫ్రెంచి మాటే, "షార్మాఁ" అనేవారు. అత్తయ్యగారు పోయాక న్యూజిలాండ్‌కి, ఆక్లండ్ శివార్లలోని పాపటోయిటోయిలో మా దగ్గరికి వచ్చేశారు. నేనూ మా ఆయనా ఉద్యోగాలకి, పిల్లలు స్కూలుకి పోతే ఇంట్లో ఆయన ఒక్కరే. పక్కింట్లో ఒక పోలిష్ ఆవిడ, ఆవిడా ఒక్కతే. కాస్త ఫ్రెంచి వచ్చు. బుధవారం చెత్త బండి వెళ్ళాక ఆవిడ బిన్ ఈయన లోపలికి లాక్కొచ్చి పెట్టి, టోపీ తీసి తల వంచేవారు. ఆవిడ కంచె మీదుగా తన పెరట్లో కాసిన, చిన్న జామకాయల్లాంటి ఫెజోవా పళ్ళు అందించేది. "షార్మాఁ" అని ఈయన, "షర్మాన్స్కి" అని ఆవిడ. తరువాత ఓ గంట కబుర్లు. ఆ గంట కోసం మంగళవారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవారు.

ఇండియన్ షాపులో తెలిసిన ఆంటీ ఒకావిడ కరివేపాకు ఏరుతూ, "మీ మావయ్యగారు దొరసాని బిన్‌లు లాగుతున్నారటగా, బానే సెటిల్ అయ్యారు" అంది. పక్కన ఇద్దరు నవ్వారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నేను ఆంటీ మీద కోపం మావయ్యగారి మీద చూపించాను. "పక్కింటావిడకి ఇబ్బందిగా ఉందట మావయ్యగారూ, నాతో చెప్పింది" అన్నాను. ఆవిడ నాతో అలాంటి మాటే అనలేదు.

ఆయన చేతిలో టోపీని కాసేపు తిప్పి, "అయ్యో, తెలీలేదమ్మా. క్షమించమన్నానని చెప్పు" అన్నారు. అదీ నేను చెప్పలేదు. తరువాతి బుధవారం ఆవిడ బిన్ చీకటిపడేదాకా రోడ్డు పక్కనే ఉంది. రెండు వారాలు చూసి, "ఆయనకి నా మీద కోపమా?" అని ఆవిడ నన్నే అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాను. రెండో అబద్ధం మొదటిదానికంటే సులువుగా వచ్చింది.

చలికాలం మొదట్లో ఆవిడ ఇల్లు ఖాళీ చేసి, టౌరంగా అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన కోసమని మా గుమ్మంలో ఫెజోవాల సంచీ పెట్టింది. ఆయన ఒక్క పండూ ముట్టలేదు. "ఇబ్బంది పెట్టినవాడికి పళ్ళెందుకమ్మా, పిల్లలకి పెట్టు" అన్నారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. సిగ్గేసి పళ్ళు కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ తరువాత పెసరట్టుకి కూడా ఆయన ఆ మాట అనలేదు. "బాగుందమ్మా" అనేవారు, అంతే. రెండేళ్ళకి పోయారు.

పోలండ్ అమ్మాయికి మాత్రం "లేదు, మా భాషలోకి రాలేదు" అని చెప్పాను. అది మూడో అబద్ధం. ఆ మాట ఒక దారిన పోలండ్‌కీ, ఇంకో దారిన యానాంకీ చేరడానికి ఎన్ని తరాలు పట్టిందో నాకు తెలీదు. రెండు దారులూ తిరిగి తిరిగి మా కంచె దగ్గర కలిస్తే, విడగొట్టడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.